జానకంపేట దాకే సీటు

మా ఏడు నలభై బస్సు కండక్టరమ్మ పోయింది.

ఈ మాట నాకు చెప్పింది డ్రైవర్ భాయ్. నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు ఎప్పటిలాగే ఇంజను మోగుతూ నిలబడి ఉంది. ఎప్పటిలాగే తలుపు దగ్గర తోపులాట, టిఫిన్ డబ్బాలు, సీటు ఆపుకోవడానికి కిటికీల్లోంచి లోపలికి విసిరిన దస్తీలు. నేను ముందు తలుపు దగ్గర నిలబడి, "ఏం భాయ్, మేడమ్ ఇయ్యాల గూడ రాలేదా?" అని అడిగాను. ఆయన స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకొని, నా వైపు చూడకుండా అన్నాడు.

"బెహన్ ఇగ రాదు సార్. నిన్న పొద్దుగాల పోయింది. ఆఫ్ ఉండె నిన్న. యూనిఫారం ఉతికి ఆరేసి, 'జర కూసుంట' అన్నదంట. కూసున్నది. మల్ల లేవలే."

నాకు దుఃఖం కంటే ముందు కోపం వస్తుంది. పుట్టుకతో వచ్చిన గుణం, యాభై ఎనిమిదేళ్ళకు ఇంకెక్కడ పోతుంది? "కూసునుడేంది భాయ్? ఆమె కూసుంటే మనం ఎన్నడన్న చూసినమా?" అని ఆయన మీదే అరిచాను. ఆయన భుజానికి కళ్ళు తుడుచుకొని గేరు వేశాడు. నేను ఎక్కి, ఎవరో అప్పుడే లేచిన సీటులో కూలబడ్డాను.

ఆమె నాకు బంధువు కాదు, ఇంటి పక్క మనిషీ కాదు. నేను బోధన్‌లో ఒక ఆఫీసులో గుమస్తాను, ఇల్లు నిజామాబాద్‌లో. పదకొండేళ్ళుగా రోజూ పోయి వస్తున్నాను. వారంలో నాలుగైదు రోజులు ఆ పొద్దుటి ట్రిప్పు ఆమెదే. చీర మీద ఖాకీ చొక్కా, భుజాన తోలు సంచి, చేతిలో టికెట్ మిషను, సంచి పట్టీకి దారంతో వేలాడే ఆకుపచ్చ నీళ్ళ సీసా, కాళ్ళకు ఒక సైజు పెద్ద చెప్పులు. ఆ చెప్పుల సంగతి ఒకసారి అడిగాను. "పొద్దుమీకి కాళ్ళు ఉబ్బుతయి సార్. పొద్దుగాల కాళ్ళకు కొల్త చూసి కొంటే, పొద్దుమీకి అవి నాయి గావు," అని నవ్వింది. కండక్టర్ సీటు ఒకటి ఉంటుంది కదా, అందులో ఆమె కూర్చోగా నేను చూడలేదు. ఎప్పుడూ ఎవరో ఒక నిండు చూలాలో, జ్వరం మనిషో అందులో ఉండేవాళ్ళు.

ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయ్యాక మా ఏడు నలభై స్వరూపమే మారిపోయింది. కూలికి పోయేవాళ్ళు, ఆసుపత్రికి పోయేవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఊరికే అక్కను చూసి వద్దామని బయల్దేరినవాళ్ళు, ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చారా అన్నట్టు ఉండేది. అది మంచికే అని ఇప్పుడు అంటున్నాను. అప్పుడు అనలేదు. అప్పుడు మగవాళ్ళం వెనక తలుపు దగ్గర మూతులు ముడుచుకొని, టికెట్ కొన్నవాడు నిలబడాలా అని గొణుక్కునేవాళ్ళం. ఆ గొణుగుడు జమాతుకు నేనే పెద్దను.

ఆమె మాత్రం ఆ రద్దీలోకి పెళ్ళి పందిట్లోకి వచ్చినట్టు వచ్చేది. ఒకరోజు తలుపులో ఇరుక్కుపోయిన ఒక పెద్దమనిషి, "ఏం బస్సిది? మనుషులమా, గొర్లమా?" అని కేకలు పెడుతున్నాడు. ఆమె లోపలి నుంచి అన్నది: "తిట్టుండ్రి సార్, మంచిగ తిట్టుండ్రి. జర లోపటికి జరిగి తిట్టుండ్రి." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు కానీ జరిగాడు. జరిగిన చోటులో ఇంకో ఇద్దరు ఎక్కారు.

ఆమెకు ఇంకో మాట ఉండేది, రోజుకు పదిసార్లన్నా అనేది. స్టేజీలో బస్సు ఆగి, కాళ్ళు తొక్కుకొని, మోచేతులు తగిలి, గొడవ మొదలవుతున్నదనగా డ్రైవర్‌ను కేకేసేది: "భాయ్, కదిలియ్యి. కదిల్తే అందరు సదురుకుంటరు." బస్సు ఎక్కేవాళ్ళకు ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. ఆగి ఉన్న బస్సులో పట్టని జనం కదిలే బస్సులో పడతారు. ఆమె చెప్పే దాకా నేను గమనించలేదు, అంతే.

ఆడవాళ్ళకు పైసలు లేని జీరో టికెట్ కొట్టాలంటే ఆధార్ కార్డు చూడాలి. దాని దగ్గరే రోజూ పంచాయితీ. ఒకావిడ ఒకరోజు అగ్గి మీద గుగ్గిలమైంది. "రోజు చూస్తవ్ గద, మల్ల కార్డెందుకు? నా మొహం ఏమన్న మారిందా?" కండక్టరమ్మ ఆకుపచ్చ సీసా మూత తీసి రెండు గుటకలు నీళ్ళు తాగింది, మూత పెట్టింది. అంతసేపూ ఆవిడా, మేమూ ఆ సీసాకేసి చూస్తూ ఉన్నాం. "మారింది అక్క. నిన్న నవ్వుకుంట ఎక్కినవ్, ఇయ్యాల కోపంగున్నవ్. కార్డుల ఏ మొహం ఉన్నదో చూస్త, తియ్యి," అన్నది. ఆవిడ నవ్వకుండా ఉండలేకపోయింది. కార్డు బయటికి వచ్చింది.

నీళ్ళ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఒక పొద్దున బోధన్ బస్టాండులో నల్లా దగ్గర ఆమె గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. మొహం మీద నీళ్ళు కొట్టుకుంటున్నది, మళ్ళీ మళ్ళీ. ఆ పొద్దున బస్సులో ఎవరో కుర్రాళ్ళు ఆమెను అనరాని మాట అన్నారు, నేను విన్నాను, విని ఊరుకున్నాను. ఏం చేయాలో తోచక పక్కన నిలబడ్డాను. కొంగుతో మొహం తుడుచుకొని నన్ను చూసి నవ్వింది.

"మొహం కడుక్కుంటే కోపం పోతదా?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"పోదు సార్. తాగితే జర కిందికి దిగుతది. అంతే. ఎనిమిది గంటలు డ్యూటీ, రెండు సీసలు పడ్తయి. గొడవలున్న దినం మూడు."

ఆమె నవ్వు పుట్టుకతో వచ్చిందనీ, నా కోపం పుట్టుకతో వచ్చిందనీ, ఎవరి గుణం వాళ్ళదనీ అప్పటిదాకా నాకొక నమ్మకం ఉండేది. నా చిరాకుకు అది మంచి సాకు. ఆ రోజు నల్లా దగ్గర అది పోయింది. ఆమె నవ్వు ఆమె చేసే పని. టికెట్ కొట్టడం లాగే అదీ పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా చేసేది.

ఇక సీటు సంగతి చెప్పాలి. దానికోసమే ఇదంతా రాస్తున్నాను.

నిజామాబాద్ నుంచి బోధన్‌కు సరిగ్గా సగం దారిలో జానకంపేట వస్తుంది. రద్దీ పెరిగిన కొన్నాళ్ళకు ఆమె ఒక పద్ధతి పెట్టింది. జానకంపేట స్టేజీ రాగానే రూపాయి బిళ్ళతో పైన ఉన్న ఇనుప రాడ్ మీద టంగ్ టంగ్‌మని రెండు దెబ్బలు కొట్టి గొంతెత్తేది: "జానకంపేట్! కూసున్నోల్లు లేవుండ్రి, నిలవడ్డోల్లు కూసోండ్రి!" అప్పటిదాకా కూర్చున్నవాళ్ళు లేవాలి, నిలబడ్డవాళ్ళు కూర్చోవాలి. సగం దారి వీళ్ళది, సగం దారి వాళ్ళది. ముసలివాళ్ళు, ఒంట్లో బాగాలేనివాళ్ళు, సంకలో పిల్లలున్నవాళ్ళు లెక్కలో లేరు, వాళ్ళు బోధన్ దాకా కూర్చోవచ్చు. మొదటి వారం అందరూ ఎగబడి పోట్లాడారు. రెండో వారం గొణిగారు. మూడో వారానికి జానకంపేట వస్తుందనగా డబ్బాలు సదురుకొని సిద్ధంగా కూర్చునేవాళ్ళు. సగం దారి నిలబడితే సగం దారి కూర్చోవచ్చని తెలిశాక, సీటు కోసం తలుపు దగ్గర పొడుచుకోవడం కూడా తగ్గింది. పూలమ్మే అవ్వ ఒకామె రోజూ నిజామాబాద్ మార్కెట్లో పూలు కొనుక్కొని మాతో వచ్చేది. లెక్కలో లేని మనిషైనా ఆమె కూడా లేచి, బుట్ట ఎవరి ఒళ్ళోనన్నా పెట్టి నిలబడేది. "నా పూల బుట్టకే సీటు, నాకెందుకు బిడ్డా?" అనేది.

పైన రాడ్ అందని పొట్టివాళ్ళ కోసం కండక్టరమ్మ పాత చీరల అంచులు చింపి, ఉంగరాల్లా ముడివేసి రాడ్‌కు వేలాడదీసింది. ఎర్రవి, పసుపువి, జరీ మాసినవి. నేనూ పొట్టివాణ్ణే. కానీ ఆడవాళ్ళ చీర అంచు పట్టుకొని నిలబడితే పరువేం కావాలి? సీటు వెనక కడ్డీ పట్టుకొని వేలాడేవాణ్ణి.

ఒకరోజు ఆఫీసులో మా పెద్దసారుతో చివాట్లు తిన్న మర్నాడు, నాకు కిటికీ పక్క సీటు దొరికింది. ఎన్ని వారాలకో దొరికింది. జానకంపేట వచ్చింది, రాడ్ మోగింది. నేను లేవలేదు. కళ్ళు మూసుకొని తల కిటికీకి ఆనించాను. నిద్ర నటించడం ఇంత కష్టమని నాకు తెలియదు, కనురెప్పలు అవే అదురుతున్నాయి. ఆమె వచ్చి నా పక్కన ఆగిందని చెప్పుల చప్పుడును బట్టి తెలిసింది.

"సార్ నిద్రల ఉన్నరు, లేపకుండ్రి," అన్నది మెల్లగా. "ఆయన వంతు నేను నిలవడ్త."

బస్సంతా ఘొల్లున నవ్వింది. ఆమె నన్ను ఎగతాళి చేయలేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నా చెవులు కాలిపోయాయి. బోధన్ దాకా కళ్ళు తెరవలేదు. బస్సు దిగి సరాసరి ఆఫీసుకు పోయి, మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా కాగితం తీసి డిపో మేనేజరు గారికి ఫిర్యాదు రాశాను. గౌరవనీయులైన అంటూ మొదలుపెట్టి, టికెట్ కొన్న ప్రయాణికుణ్ణి సీటులోంచి లేపే అధికారం కండక్టరుకు ఏ నిబంధన ప్రకారం ఉందో తెలపవలసిందిగా కోరుతూ, రెండు పేజీలు. కింద పేరు పెట్టలేదు. 'బాధిత ప్రయాణికుడు' అని రాసి పోస్టు చేశాను.

నేనెంత తెలివైనవాణ్ణో చూడండి. పేరు దాచాను కానీ రాత దాచలేదు. గుండ్రంగా, ముత్యాల్లా రాస్తానని ఆ బస్సులో నాకు పేరు. ఎవరికి ఏ అర్జీ కావాలన్నా కండక్టరమ్మే వాళ్ళను నా దగ్గరికి తోలేది. పూలమ్మే అవ్వ పింఛను కాగితం, డ్రైవర్ భాయ్ బిడ్డ కాలేజీ ఫారం, ఇంకా ఎందరివో, కదిలే బస్సులో, ఆమె టికెట్ మిషను కింద ఆసరా పెట్టి పట్టుకుంటే నేను రాసినవే. ఆ సంగతి ఫిర్యాదు రాస్తున్నంతసేపూ నాకు తట్టనే లేదు.

పది రోజుల తర్వాత జానకంపేటలో రాడ్ మోగలేదు. ఆమె స్టేజీ పేరు ఒక్కసారి పలికి టికెట్లు కొట్టుకుంటూ పోయింది. ఎందుకని ఎవరో అడిగితే, "వద్దన్నరు అక్క. రూల్ల లేదంట," అన్నది. అంతే. ఎవరు ఫిర్యాదు చేశారో, మెమో ఇచ్చారో లేదో ఏమీ చెప్పలేదు.

తర్వాత మూడు వారాలు ఆ బస్సు నరకం. మళ్ళీ దస్తీలు, మళ్ళీ తలుపు దగ్గర జుట్లు పట్టుకోవడాలు. సీటు దొరికినవాడు బోధన్ దాకా కిటికీ బయటికి చూస్తాడు, దొరకనివాడు వాణ్ణి చూస్తాడు. నాకు వరుసగా నాలుగు రోజులు సీటు దొరికింది. నాలుగు రోజులూ ఎవరో ఒకరు నా భుజం పక్కన నిలబడే ఉన్నారు. నాలుగో రోజు నిలబడ్డది పూలమ్మే అవ్వ. ఆరోజు మిగతా సీట్లన్నీ కుర్రకారుకు దొరికాయి, ఎవరూ లేవలేదు. నేనూ వెంటనే లేవలేదు. జానకంపేట దాటాక లేచాను కానీ అప్పటికి ఆమె కింద, కాళ్ళ మధ్యన, బుట్ట పక్కన కూలబడి ఉంది. "అయ్యో పర్లేదు బిడ్డా, నువ్వు కూసో," అన్నది. నేను ఫిర్యాదు రాసింది దీనికోసమా అని నాకు సిగ్గేసింది.

ఆరోజు బోధన్ బస్టాండులో కండక్టరమ్మ చాయ్ బండి దగ్గర ఉంటే పోయి నిలబడ్డాను. "ఆ కాగితం రాసింది నేనే," అన్నాను.

ఆమె సీసా మూత తీసింది. రెండు గుటకలు తాగింది. ఆ గుటకల తర్వాత ఏదో వస్తుందని నాకు తెలుసు.

"ఎర్కే సార్," అన్నది.

"ఎట్ల?"

"మీ రాత నాకెర్క లేదా? మేనేజర్ సార్ కాగితం టేబుల్ మీద పెట్టంగనే నాకు నవ్వొచ్చింది. అగో, మా సారే రాసిండు అనుకున్న. ఎవలో ఎర్కేనా అని అడిగిండు. తెల్వదన్న."

"ఎందుకు చెప్పలే?"

"చెప్తే మీరు ఏడు నలభై ఎక్కుతరా? ఎన్మిది గంటల బస్సుకు పోతరు. అవ్వకు కాగితాలు ఎవలు రాస్తరు?" చాయ్ నాకొకటి చెప్పింది. "అయినా మీరు రాసింది తప్పు గాదు సార్. లేవుమని చెప్పే హక్కు నాకు లేదు. గది నిజమే. మా దిక్కు చెరుకు బండ్లల్ల అలవాటు, గదే ఇక్కడ పెట్టిన."

ఆమెది రుద్రూర్ దగ్గర పల్లె. చిన్నప్పుడు బాపు చెరుకు బండి కట్టుకొని బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి తోలుతుంటే, ఆమె అవ్వ అని పిలిచే తల్లీ, తనూ వెంట వచ్చేవాళ్ళట. బండి నిండా చెరుకు, ఎడ్లు మోయలేవు. పైన ఒక్కళ్ళకే జాగ. "సగం తొవ్వ అవ్వ బండి మీద, నేను నడుసుడు. సగం తొవ్వ నేను బండి మీద, అవ్వ నడుసుడు. బాపు ఏం జెప్పకపోయేది. సగం తొవ్వ రాంగనే అవ్వ తనంతట తనే దిగేది. దిగి నా దిక్కు చేతులు చాపేది." ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళయింది. ఆ మాట చెబుతూ ఆమె ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్ వైపు ఒకసారి చూసింది.

తర్వాత నన్ను పైకీ కిందికీ చూసి, "నేను లేవుమనద్దు. కని మీరు లేస్తే నేను వద్దనలేను గద?" అన్నది. "ఎవలో ఒకలు మొదలు లెవ్వాలె సార్. మొదలు లేసే మనిషి ఉంటే చాలు."

మర్నాడు జానకంపేటలో ఆమె స్టేజీ పేరు రెండుసార్లు పిలిచింది. "జానకంపేట్! జానకంపేట్!" మిగతా స్టేజీలన్నీ ఒక్కసారే. పేరు రెండుసార్లు పిలవకూడదని ఏ రూల్లో ఉంది? నేను లేచి నిలబడ్డాను. ఎవరూ కదలలేదు. నా పక్కన నిలబడ్డ ఒకావిడ అనుమానంగా, "దిగుతున్నరా?" అని అడిగింది. లేదన్నాను. కూర్చోవాలా వద్దా అని కాసేపు ఆలోచించి కూర్చుంది. ఆ రోజు బస్సు మొత్తం మీద లేచింది నేనొక్కణ్ణే, వెర్రివాణ్ణి చూసినట్టు చూశారు. నాలుగో రోజు పూలమ్మే అవ్వ లేచింది. ఆమె లేచాక ఇక కుర్రవాళ్ళు ఎట్లా కూర్చుంటారు? నెల తిరిగేసరికి మళ్ళీ మామూలే, రాడ్ చప్పుడు ఒక్కటే లేదు.

ఆ నెలాఖరున ఆమె ఒక పచ్చంచు ముక్క తెచ్చింది. "చెయ్యి లేపుండ్రి సార్," అన్నది. లేపాను. వేళ్ళ కొసలకు అందేట్టు చూసి, నా కొలతకు రాడ్‌కు కట్టింది. "మీరు రోజు నిలవడేటోల్లాయె," అని ముడి గట్టిగా లాగింది. అందరూ చూస్తుండగా ఆ చీర అంచు పట్టుకున్నాను. పరువుకు ఏమీ కాలేదు. మా ఆవిడకు ఈ సంగతి చెబితే, "ఇంట్ల మాతోని నవ్వవు గని, బస్సుల మంచిగ మనిషివైనవ్," అన్నది.

పోయిన ఏడు నాకు మోకాలి నొప్పి మొదలైంది. కండక్టరమ్మ కనిపెట్టేసింది. "సార్, ఇగ మీరు లెక్కల లేరు. కూసోండ్రి," అన్నది. నేను వినలేదు. ఒకప్పుడు లేవనని నిద్ర నటించినవాణ్ణి, ఇప్పుడు కూర్చోనని ఆమెతో పోట్లాడాను. ఆమె సీసా తీసి రెండు గుటకలు తాగి, "సరే, నిలవడుండ్రి," అన్నది నవ్వు ఆపుకుంటూ. మా ఇద్దరి మధ్య అదే ఆఖరి పోట్లాట.

ఆమె పోయిన తర్వాత జానకంపేటలో నేను లేవలేదు. దాచేదేం లేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. కొత్త కండక్టర్ మంచివాడే, కానీ రద్దీకి కంగారు పడిపోయి స్టేజీ పేరు గొంతులోనే పలికేవాడు. పిలుపు వినిపించలేదు కదా అనుకున్నాను. మోకాలు నొప్పి కదా అనుకున్నాను. అసలు సంగతి కోపం. చెప్పకుండా పోయినందుకు ఆమె మీద కోపం. మొదట నేను లేవకపోయేసరికి అవ్వా లేవలేదు, మెల్లగా ఎవరూ లేవలేదు. వారం తిరగకుండానే దస్తీలు మళ్ళీ కిటికీల్లోంచి ఎగిరి పడుతున్నాయి.

పదో రోజు వాళ్ళింటికి పోయాను. డ్రైవర్ భాయ్ తీసుకుపోయాడు. రెండు గదుల ఇల్లు. వాకిట్లో దండెం మీద ఖాకీ చొక్కా ఇంకా అట్లాగే ఉంది, ఎవరికీ తీయబుద్ధి కాలేదట. గడప పక్కన ఒక సైజు పెద్ద చెప్పులు. ఆమె బిడ్డ డిగ్రీ చదువుతున్నది, అచ్చం తల్లి గొంతే. నేనెవరో భాయ్ చెప్పగానే ఆ పిల్ల మొహం వెలిగింది.

"మొదలు లేసే సార్ మీరేనా? అమ్మ రోజు చెప్పేది మీ గురించి. 'మా బస్సుల ఒక సార్ ఉన్నడు, ఆయన లేస్తే నా డ్యూటీ సగం అయిపోయినట్టే' అనేది. మీ మోకాలు నొస్తుందని గూడ చెప్పింది. కూసోమంటే కూసుంటలేడు, మొండి మనిషి అని నవ్వేది."

నేను తల ఊపాను.

"ఇప్పుడు గూడ లేస్తున్నరా సార్?" అని అడిగింది.

ఆ పిల్ల మామూలుగానే అడిగింది. వాకిట్లో చొక్కా గాలికి కదులుతున్నది. భాయ్ నేల చూపులు చూస్తున్నాడు, ఆయనకు బస్సు అద్దంలోంచి అన్నీ కనిపిస్తాయి కదా. "లేస్తున్న బిడ్డా," అన్నాను. అబద్ధం చెప్పాను. చనిపోయిన మనిషి ఇంట్లో, ఆమె బిడ్డ మొహం చూస్తూ అబద్ధం చెప్పాను. ఇంటి దగ్గర దింపేటప్పుడు భాయ్, "రేపు ఏడు నలభై నాదే సార్," అన్నాడు.

మర్నాడు నాకు ముందరి నుంచి మూడో వరుసలో సీటు దొరికింది. నా పక్కన పుస్తకాల సంచి గుండెలకు పట్టుకొని ఒక కాలేజీ పిల్ల నిలబడి ఉంది, వెనక సీటులో అవ్వ, చుట్టూ ఇంకా ఎందరో. జానకంపేట ఇళ్ళు కనిపించగానే భాయ్ బస్సును బాగా నెమ్మది చేశాడు, రోజూ చేసేదానికంటే నెమ్మదిగా. అద్దంలో ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. బస్సు ఆగింది, కొత్త కండక్టర్ ఏదో పలికాడు, వినిపించలేదు. నేను కడ్డీ పట్టుకొని, మోకాలు తిట్టుకుంటూ లేచాను.

"కూసో బిడ్డా," అన్నాను ఆ పిల్లతో.

కండక్టర్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "దిగుతున్నరా సార్? బోధన్‌కు తీసుకున్నరు గద టికెట్?"

"బోధన్‌కే. నా సీటు జానకంపేట దాకే."

అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా లేదు, తలుపు దగ్గర అప్పుడే ఎవరో ఎవరి కాలో తొక్కారు, అరుపులు మొదలయ్యాయి. మా వెనక నుంచి పూలమ్మే అవ్వ గొంతు వినిపించింది. "భాయ్, కదిలియ్యి. కదిల్తే అందరు సదురుకుంటరు." గొంతు ఎక్కడో పైనుంచి వస్తున్నట్టుంది, కూర్చున్న మనిషి గొంతులా లేదు. తిరిగి చూడలేదు. చూస్తే ఏడుస్తానని తెలుసు.

బస్సు ఒక్క కుదుపుతో కదిలింది. పడిపోబోయి చెయ్యి పైకి చాపాను. పచ్చంచు ఉంగరం అక్కడే ఉంది, సరిగ్గా నా వేళ్ళకు అందేంత ఎత్తులో.